స్వతంత్ర పార్టీ ఎందుకు పుట్టింది, ఏం కోరింది: తరచుగా అడిగే ప్రశ్నలు

స్వతంత్ర పార్టీ పేరు ఎత్తగానే ఎవరో ఒకరు "అది రాజాల పార్టీ కదా" అంటారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే 1959లో పుట్టి 1974లో వేరే పార్టీలో కలిసిపోయిన ఈ పార్టీ చరిత్ర ఆ ఒక్క మాటతో తేలేది కాదు. ఆ పార్టీని నడిపిన ముఖ్యుల్లో ఇద్దరు మన తెలుగువారు. అయినా మన దగ్గరే దాని గురించి తెలిసినవారు తక్కువ. అవే సందేహాలు పదే పదే వస్తున్నాయి కాబట్టి వాటిని ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా అర్థమయ్యేలా ప్రతి జవాబూ విడిగా రాశాను.

## పుట్టుకకు ముందు

కాంగ్రెస్ అంత బలంగా ఉన్న రోజుల్లో ఇంకో పార్టీ కావాలని ఎవరికి అనిపించింది?

కాంగ్రెస్ అంత బలంగా ఉంది కాబట్టే అనిపించింది. 1957 ఎన్నికల్లో లోక్‌సభలో కాంగ్రెస్‌కు 371 స్థానాలు వచ్చాయి. ప్రతిపక్షాల్లో పెద్దదైన కమ్యూనిస్టు పార్టీకి 27 మంది సభ్యులు ఉన్నారు. సభలో గట్టిగా వినిపించే విమర్శ అంతా ఒకే వైపు నుంచి వచ్చేది: ప్రభుత్వం ఇంకా ఎక్కువ చేయాలి, ఇంకా వేగంగా చేయాలి, ఇంకా ఎక్కువ రంగాలను తన చేతిలోకి తీసుకోవాలి అని. "ఈ పని ప్రభుత్వానిది కాదు, పౌరుడికి వదిలేయండి" అనే గొంతు మాత్రం దాదాపు లేదు. ఈ ఖాళీని రాజాజీ (చక్రవర్తి రాజగోపాలాచారి) అందరికంటే ముందుగా గుర్తించారు. పాలకపక్షం ఎంత మంచివారితో నిండినా, దానికి ఎదురు నిలిచి కారణం అడిగేవారు లేకపోతే ప్రజాస్వామ్యం పేరుకే మిగులుతుందని ఆయన పార్టీ పెట్టడానికి రెండు మూడేళ్ల ముందు నుంచే రాస్తూ వచ్చారు.

నాగపూర్ తీర్మానం అంటే ఏమిటి? రైతులు దానికి ఎందుకు భయపడ్డారు?

1959 జనవరిలో నాగపూర్‌లో జరిగిన కాంగ్రెస్ మహాసభ, దేశ వ్యవసాయం చివరకు ఉమ్మడి సహకార వ్యవసాయంగా మారాలని తీర్మానించింది. పొలాలన్నీ కలిపి ఒకటిగా సాగు చేస్తారు. భూమి మీద హక్కు రైతు పేరునే ఉంటుంది, అతని భూమిని బట్టి పంటలో వాటా వస్తుంది. పొలంలో పని చేసినవారికి పనికి తగ్గ వాటా ఉంటుంది. మొదటి మూడేళ్లలో ఎరువులు, అప్పులు సమకూర్చే సేవా సహకార సంఘాలు పెట్టాలని, భూపరిమితి చట్టాలు ఆ ఏడాది చివరికల్లా పూర్తి చేయాలని, ఆహార ధాన్యాల వ్యాపారంలోకి ప్రభుత్వం దిగాలని కూడా అందులో ఉంది.

"హక్కు నీదే" అన్న హామీ కాగితం మీద ఉంది. కానీ గట్టు చెరిపేశాక నా పొలం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఎవరు చెప్పాలి? ఈ ఏడు మినుము వేయాలా, జనుము వేయాలా అన్నది ఎవరు తేల్చాలి? సంఘం నచ్చకపోతే బయటికి వచ్చే దారేది? మూడెకరాల రైతుకు పొలమంటే ఆస్తి మాత్రమే కాదు, ఒకరి ముందు చేయి చాపకుండా బతికే అవకాశం. ఆ అవకాశం సంఘం కార్యదర్శి చేతిలోకి పోతుందన్నది వారి భయం. చైనా కమ్యూన్ల వార్తలు కూడా అప్పుడే వస్తుండడంతో ఆ భయం ముదిరింది. ఆ మహాసభలోనే ఉత్తరప్రదేశ్ కాంగ్రెస్ నాయకుడు చరణ్ సింగ్ తీర్మానాన్ని గట్టిగా వ్యతిరేకించారు. గుంటూరు జిల్లా రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి. రంగా అయితే కాంగ్రెస్‌నే వదిలి బయటికి వచ్చారు.

పర్మిట్ రాజ్యం అన్న మాట ఎవరిది? దాని అర్థం ఏమిటి?

రాజాజీది. "పర్మిట్-లైసెన్సు-కోటా రాజ్యం" అని ఆయన పెట్టిన పేరు తర్వాత దేశమంతా వాడుకలోకి వచ్చింది. 1951 నాటి పరిశ్రమల చట్టం ప్రకారం చట్టం పరిధిలోకి వచ్చే పరిశ్రమ ఏదైనా కొత్తగా పెట్టాలన్నా, ఉన్నదాన్ని విస్తరించాలన్నా కేంద్రం నుంచి లైసెన్సు తెచ్చుకోవాలి. యంత్రం దిగుమతి చేసుకోవడానికి ఒక అనుమతి, దానికి విదేశీ మారకానికి మరొకటి.

ఇది మిల్లు యజమానుల బాధ మాత్రమే అనుకోకండి. ఇల్లు కట్టుకునే మామూలు రైతు సంగతి చూడండి. సిమెంటు కంట్రోల్ సరుకుగా ఉన్న రోజుల్లో డబ్బు చేతిలో ఉన్నా దుకాణానికి వెళ్లి బస్తాలు బండికెత్తించుకోవడం కుదిరేది కాదు. అర్జీ పెట్టాలి, ఎన్ని గదులో, ఎంత కప్పో రాయాలి, పర్మిట్ వచ్చేదాకా తిరగాలి. గోడలు లేచి, కప్పు లేక, వానకు నానుతున్న ఇల్లు వదిలి ఆ రైతు కచేరీ అరుగు మీద కూర్చునేవాడు. నిబంధన ఉన్న చోట దాన్ని సడలించే అధికారం ఉంటుంది, ఆ అధికారానికి ఒక ధర పలుకుతుంది. అవినీతి మనుషుల గుణం నుంచి కంటే ఈ ఏర్పాటు నుంచే ఎక్కువగా పుడుతుందన్నది రాజాజీ వాదన.

గవర్నర్ జనరల్‌గా కూడా చేసిన రాజాజీకి 80 ఏళ్ల వయసులో కొత్త పార్టీ ఎందుకు?

పదవి కోసం మాత్రం కాదు. గవర్నర్ జనరల్, కేంద్ర హోం మంత్రి, మద్రాసు ముఖ్యమంత్రి పదవులన్నీ అప్పటికే చూసి వచ్చారు. 1954లో భారతరత్న కూడా అందుకున్నారు. ఆయనను నడిపించింది సొంత అనుభవం అనిపిస్తుంది. 1952లో, ఆంధ్ర జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నప్పుడు, ముఖ్యమంత్రిగా ఆహార ధాన్యాల కంట్రోలును ఒక్కసారిగా ఎత్తేశారు. కరవు వస్తుందని చాలామంది భయపెట్టారు. దాచిన ధాన్యం బజారుకు వచ్చింది, రేషన్ వరసలు పోయాయి. ఆ నమ్మకం ఆయనలో చివరిదాకా ఉంది.

## పుట్టిన తీరు

స్వతంత్ర పార్టీ ఎప్పుడు, ఎక్కడ పుట్టింది?

1959 జూన్ 4న మద్రాసులో ప్రకటించారు. ఆగస్టు మొదట్లో బొంబాయిలో సన్నాహక మహాసభ జరిగింది, అక్కడే పార్టీ 21 మూల సూత్రాలు ఆమోదించారు. మొదటి జాతీయ మహాసభ 1960 మార్చిలో పాట్నాలో జరిగింది. రెండు వేరువేరు పాయలు కలిసి ఈ పార్టీ అయింది. ఒకటి అఖిల భారత వ్యవసాయదారుల సమాఖ్య, రెండోది 1956లో ఎ.డి. ష్రాఫ్ బొంబాయిలో స్థాపించిన ఫోరం ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్.

వ్యవస్థాపకులు ఎవరెవరు?

రాజాజీ పెద్దదిక్కు. ఎన్.జి. రంగా తొలి అధ్యక్షుడు. మినూ మసాని ప్రధాన కార్యదర్శి. కె.ఎం. మున్షీ, హోమీ మోదీ, వి.పి. మీనన్ వంటివారు తోడయ్యారు.

వీరిని ఒక వరసలో నిలబెట్టి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మసాని 1934లో కాంగ్రెస్ సోషలిస్టు పార్టీ పెట్టినవారిలో ఒకరు. సోవియట్ రష్యాలో జరిగింది తెలుసుకున్నాక ఆ దారి వదిలారు. రంగా 1936లో పుట్టిన అఖిల భారత కిసాన్ సభకు ప్రధాన కార్యదర్శిగా పని చేసి, జమీందార్ల మీద పోరాడిన మనిషి. మీనన్ సర్దార్ పటేల్ కుడిభుజంగా ఉండి సంస్థానాలను దేశంలో విలీనం చేయించినవారు. ఆ సంస్థానాల రాజులే తర్వాత అదే పార్టీలోకి వచ్చారు. వీళ్లందరినీ కలిపింది పాత స్నేహం కాదు. రాజ్యం పౌరుడి ఇంట్లోకి, పొలంలోకి, కొట్టులోకి హద్దు మీరి వస్తోందన్న ఆందోళన ఒక్కటే.

పార్టీ గుర్తు ఏమిటి?

నక్షత్రం. పాతతరం ఓటర్లకు పార్టీ పేరు కంటే "చుక్క గుర్తు" అంటేనే త్వరగా తెలిసేది.

ఆ 21 సూత్రాల్లో ముఖ్యమైనవి ఏమిటి?

అన్నింటికీ మూలం ఒక్కటే: వ్యక్తి స్వేచ్ఛ ముందు, రాజ్యం జోక్యం తప్పనిసరి అయినప్పుడే. మతం, కులం, వృత్తి తేడా లేకుండా అందరికీ సమాన అవకాశం ఉండాలి. రైతుకు తన భూమి మీద పూర్తి హక్కు ఉండాలి. ప్రజావసరానికి ఆస్తి తీసుకుంటే న్యాయమైన పరిహారం ఇవ్వాలి. పరిశ్రమలో, వ్యాపారంలో పోటీ ఉండాలి. పౌరుల మీద పన్నుల భారం, ప్రభుత్వ ఖర్చు తగ్గాలి. అధికారం ఒకచోట పోగుపడకుండా పంచాలి. పేదల బాగు కోసం గాంధీజీ చెప్పిన ధర్మకర్తృత్వాన్ని, అంటే ఉన్నవాడు తన సంపదను సమాజం తరఫున కాపాడేవాడిగా ఉండడాన్ని, నమ్ముకున్నారు. ఆ చివరి సూత్రం మంచి మనసుతో రాసిందే. కానీ ఉన్నవాడు ధర్మం తప్పితే ఏం చేయాలో అది చెప్పలేదు.

## ఆశయాలు

ఇది మితవాద పార్టీయా, మధ్యేవాద పార్టీయా?

పార్టీలోనే రెండు రకాల జవాబులు ఉండేవి. మంచి సంప్రదాయాన్ని నిలబెట్టేవాడినని చెప్పుకోవడానికి రాజాజీ జంకలేదు. మసాని మాత్రం ఉదారవాది అన్న పేరే ఇష్టపడ్డారు. ఐరోపాలో కమ్యూనిస్టులకూ మత ఛాందసులకూ మధ్య నిలిచే పార్టీల వంటిది ఇక్కడ కట్టాలన్నది ఆయన కోరిక.

నా అభిప్రాయం అడిగితే, ఆర్థిక విషయాల్లో ఆనాటి లెక్కల ప్రకారం కుడివైపు పార్టీయే. మతం, పౌరహక్కులు, న్యాయస్థానాల విషయంలో నిఖార్సైన మధ్యేమార్గం. అప్పట్లో రాజకీయమంతా ఎడమవైపుకు ఎంతగా ఒరిగి ఉందంటే, నడిరోడ్డు మీద నిలబడినవాడు కూడా కుడి అంచున ఉన్నట్టు కనిపించాడు.

భూసంస్కరణలు వద్దన్న పార్టీ కదా, పేదల పార్టీ ఎలా అవుతుంది?

ఈ ప్రశ్నను తేలిగ్గా దాటవేయకూడదు. భూపరిమితి చట్టాలను పార్టీ వ్యతిరేకించింది. 1964లో వచ్చిన 17వ రాజ్యాంగ సవరణ మీద దేశమంతటా ఆందోళన చేసింది. ఆ సవరణ "ఎస్టేటు" అన్న మాట అర్థాన్ని పెంచి, జమీందారీ భూములకే కాక రైత్వారీ భూములకు కూడా వర్తింపజేసింది. అంటే ప్రభుత్వానికి నేరుగా శిస్తు కట్టే పట్టాదారు భూమి తీసుకునే చట్టాన్ని ప్రాథమిక హక్కుల పేరుతో కోర్టులో సవాలు చేసే అవకాశం బాగా తగ్గిపోయింది. సొంత సాగులో, పరిమితి లోపల ఉన్న భూమి తీసుకుంటే బజారు ధరకు తగ్గకుండా పరిహారం ఇవ్వాలన్న రక్షణ మాత్రం అందులో పెట్టారు.

పట్టాదారు పక్షాన పార్టీ మాట్లాడింది నిజం. కౌలుదారు గురించి, సెంటు భూమి లేని కూలీ గురించి అదే పట్టుదలతో మాట్లాడలేదన్నదీ నిజం. భూమి ఉన్నవాడి స్వేచ్ఛను కాపాడతామన్న పార్టీ, లేనివాడికి స్వేచ్ఛ ఎలా వస్తుందో వివరంగా చెప్పలేకపోయింది. దాన్ని అభిమానించే నేను కూడా ఒప్పుకోవలసిన లోటు ఇది.

పంచవర్ష ప్రణాళికలే వద్దన్నారా?

ప్రణాళిక వేసుకోవడం వద్దనలేదు. 1956లో మొదలైన రెండో ప్రణాళిక దారిని తప్పుపట్టారు. భారీ పరిశ్రమలకు ముందుపీట వేసి, వ్యవసాయాన్ని, వాడుక వస్తువులను వెనక్కి నెట్టారని, లోటు బడ్జెట్‌తో ధరలు పెంచారని వారి విమర్శ. 1957 నుంచి దేశాన్ని పీడించిన విదేశీ మారకం కొరతను వారు ఉదాహరణగా చూపేవారు.

పార్టీ సభ్యులు సొంత అభిప్రాయం ప్రకారం ఓటు వేయవచ్చన్న నియమం నిజంగా ఉండేదా?

ఉండేది. మూల సూత్రాల్లో లేని ఏ విషయంలోనైనా సభ్యుడు తన అంతరాత్మ ప్రకారం నడచుకోవచ్చు. విప్ చేతిలో సభ్యులు చేతులెత్తే యంత్రాలు కాకూడదన్నది ఉద్దేశం.

దీనికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. రాజాజీ జీవితాంతం మద్యనిషేధాన్ని నమ్మారు. 1937లో సేలం జిల్లాలో దాన్ని మొదలుపెట్టింది ఆయనే. ఆంధ్రలో పార్టీకి మూలస్తంభమైన గౌతు లచ్చన్న గీత కార్మికుల నాయకుడు. నిషేధం వల్ల ఉపాధి పోయిన గీత కార్మికుల కోసం సత్యాగ్రహం చేయించినవారు. 1954లో మద్యనిషేధం విషయంలోనే ప్రకాశం ప్రభుత్వం అవిశ్వాస తీర్మానంలో పడిపోయింది. ఒకే విషయం మీద ఇంత దూరంగా ఉన్న ఇద్దరు పెద్దలు ఒకే పార్టీలో ఏళ్ల తరబడి ఇమడగలిగారు. ఈ నియమం నాకు పార్టీలోకెల్లా విలువైనదిగా కనిపిస్తుంది. పార్టీ ఫిరాయింపుల చట్టం, విప్ బిగింపు మధ్య పెరిగిన తరానికి ఇది నమ్మశక్యం కాకపోవచ్చు.

విదేశాంగ విధానంలో వీరి మాట ఏమిటి?

చైనాను నమ్మవద్దని, టిబెట్ విషయంలో ఊరుకోవద్దని, పాకిస్తాన్‌తో సర్దుబాటు చేసుకొమ్మని, పాశ్చాత్య ప్రజాస్వామ్యాలకు దగ్గర కమ్మని. రాజాజీ మాత్రం అణ్వాయుధాలకు బద్ధ వ్యతిరేకి. 1962లో అణు పరీక్షలు ఆపమని కోరుతూ అమెరికా వెళ్లి అధ్యక్షుడు కెనడీని కలిశారు.

జనసంఘ్‌కూ దీనికీ తేడా ఏమిటి?

మతం. స్వతంత్ర పార్టీ రాజకీయాన్ని మతం మీద కట్టలేదు. పార్సీలు, క్రైస్తవులు, ముస్లింలు, హిందువులు నాయకత్వంలో కలిసి ఉండేవారు. ఆర్థిక విషయాల్లో కొన్ని చోట్ల రెండు పార్టీల మాట కలిసేది, ఎన్నికల సర్దుబాట్లు కూడా జరిగాయి.

## తెలుగు నేల మీద

పొట్టి శ్రీరాములు మరణం తర్వాత కూడా తెలుగువారు రాజాజీ పార్టీకి ఓటు వేశారా?

కోపం నిజమైనదే. 1952లో రాజాజీ ఎన్నికల్లో నిలబడకుండా, గవర్నర్ నామినేషన్‌తో శాసనమండలికి వచ్చి, ప్రకాశం నాయకత్వంలోని కూటమిని పక్కకు నెట్టి ముఖ్యమంత్రి అయ్యారు. అదే ఏడాది డిసెంబరు 15న, 58 రోజుల నిరాహార దీక్ష తర్వాత పొట్టి శ్రీరాములు ప్రాణాలు విడిచారు. మద్రాసు నగరం ఆంధ్రకు దక్కకూడదని రాజాజీ గట్టిగా నిలబడ్డారు. ఇవన్నీ మరచిపోవడానికి ఏడేళ్లు చాలవు.

అయినా ఓట్లు పడ్డాయి. ఆ ఓట్లు రాజాజీకి పడినవి కావు. గుంటూరు జిల్లాలో రంగాను, శ్రీకాకుళం జిల్లాలో లచ్చన్నను చూసి పడినవి. వారి వెంట పార్టీ కంటే పాత రైతు ఉద్యమం ఉంది.

రంగా, లచ్చన్న ఇందులోకి ఎలా వచ్చారు?

ఇద్దరి దారీ పాతదే. 1951లో ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి పోటీలో సంజీవరెడ్డి చేతిలో ఓడిన రంగా బయటికి వచ్చి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. లచ్చన్న ఆయనతో నడిచారు. 1955 ఆంధ్ర ఎన్నికల్లో కమ్యూనిస్టులకు వ్యతిరేకంగా కాంగ్రెస్‌తో కూటమి కట్టి, తర్వాత అందులోనే కలిశారు. నాగపూర్ తీర్మానం వారిని మళ్లీ బయటికి తెచ్చింది.

రంగా నిడుబ్రోలులో పుట్టారు. ఆ ఊళ్లోనే రైతు పాఠశాల నడిపి, పల్లెటూరి కుర్రవాళ్లకు రాజకీయం నేర్పారు. సొంత కుటుంబం సొంత చేతులతో చేసుకునే సేద్యమే దేశానికి వెన్నెముక అన్నది ఆయన జీవితకాలపు మాట. బారువలో పుట్టిన లచ్చన్న వెనుకబడిన కులం నుంచి, గీత వృత్తి కుటుంబం నుంచి వచ్చినవారు. స్వతంత్ర పార్టీని రాజమహళ్లతోనే ముడిపెట్టేవారు ఈ ఇద్దరినీ లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్ని సీట్లు గెలిచింది?

శాసనసభలో 1962లో 19, 1967లో 29. కమ్యూనిస్టులు చీలిపోయిన తర్వాత జరిగిన 1967 ఎన్నికల్లో రాష్ట్రంలో కాంగ్రెస్ తర్వాతి పెద్ద పార్టీ ఇదే. రంగా 1962లో తెనాలిలో ఓడి, ఉప ఎన్నికలో చిత్తూరు నుంచి లోక్‌సభకు వెళ్లారు. 1967లో శ్రీకాకుళం లోక్‌సభ స్థానం గెలిచిన లచ్చన్న దాన్ని వదులుకోగా, ఉప ఎన్నికలో అక్కడి నుంచి రంగా ఎన్నికయ్యారు.

## ఎన్నికలు, సభలో పని

దేశం మొత్తం మీద ఫలితాలు ఎలా ఉన్నాయి?

లోక్‌సభలో 1962లో 18 స్థానాలు, దాదాపు 8 శాతం ఓట్లు. 1967లో 44 స్థానాలు, 9 శాతానికి కొంచెం తక్కువ ఓట్లు. కాంగ్రెస్ తర్వాత లోక్‌సభలో అతి పెద్ద పక్షంగా నిలిచింది. 1971లో 8 స్థానాలు, 3 శాతం.

1967లో గుజరాత్ శాసనసభలో 66 స్థానాలు గెలిచి ప్రధాన ప్రతిపక్షమైంది. మద్రాసులో డీఎంకేతో పొత్తు పెట్టుకుని 20 గెలిచింది.

రాజాలు, జమీందార్ల పార్టీ అనడం న్యాయమేనా?

రాజస్థాన్, ఒరిస్సా, బీహార్ చూస్తే అనకుండా ఉండలేం. జైపూర్ రాణి గాయత్రీదేవి 1962లో పోలైన 2,46,516 ఓట్లలో 1,92,909 తెచ్చుకున్నారు. బీహార్‌లో రామగఢ్ రాజా తన పార్టీని తెచ్చి ఇందులో కలిపి, కొన్నేళ్లకే తన మనుషులతో వెళ్లిపోయారు. ఆయన వెళ్లగానే అక్కడ పార్టీ కుప్పకూలింది. ఇల్లు ఎవరిదో పునాదీ వారిదే అయితే అంతే జరుగుతుంది.

గుజరాత్ కథ వేరు. అక్కడ భాయ్‌లాల్‌భాయ్ పటేల్ నాయకత్వంలో పాటీదార్ రైతులు, క్షత్రియులు కలిసి పార్టీని నిలబెట్టారు. ఆంధ్రలో రైతులు, వెనుకబడిన వర్గాలు. కాబట్టి ఒక్క ముద్ర వేస్తే దేశం మొత్తానికి సరిపోదు. ఇంకో సంగతి: ఆ రోజుల్లో ఎందరో జమీందార్లు, మాజీ రాజులు కాంగ్రెస్ టికెట్ మీద కూడా గెలిచారు. ఆ పార్టీని మాత్రం ఎవరూ రాజాల పార్టీ అనలేదు.

పారిశ్రామికవేత్తల డబ్బుతో నడిచిందంటారు, నిజమేనా?

కొంత. టాటాలు కాంగ్రెస్‌తో పాటు స్వతంత్ర పార్టీకి కూడా విరాళం ఇవ్వాలని నిర్ణయించుకున్నారు. బలమైన ప్రతిపక్షం దేశానికి అవసరమని జె.ఆర్.డి. టాటా ఆ సంగతిని నెహ్రూకే ఉత్తరం రాసి చెప్పారు. అయితే పెద్ద వ్యాపారులు చాలామంది కాంగ్రెస్‌నే అంటిపెట్టుకున్నారు. లైసెన్సు ఇచ్చే చేతిని ఎవరు కాదనుకుంటారు? పైగా ఒకసారి లైసెన్సు దొరికినవాడికి పోటీ రాకుండా కాపాడేది కూడా అదే. 1969లో కంపెనీల విరాళాలనే నిషేధించడంతో పార్టీకి ఆ కాస్త ఆసరా కూడా పోయింది.

ప్రతిపక్షంగా అసలు సాధించిందేమిటి?

నా దృష్టిలో ఈ పార్టీ మేలైన పని ఇక్కడే జరిగింది. ప్రభుత్వాన్ని తిట్టడానికి, లెక్క అడగడానికి తేడా ఉందని చూపించింది. గణాంకాలు చేతపట్టుకుని బడ్జెట్ మీద మసాని మాట్లాడేవారు. ప్రభుత్వ ఖర్చును పరిశీలించే ప్రజాపద్దుల సంఘానికి ప్రతిపక్ష సభ్యుడిని అధ్యక్షుడిగా పెట్టే సంప్రదాయం 1967లో ఆయనతోనే మొదలైంది. ఆ సంప్రదాయం నేటికీ నిలిచి ఉంది.

చైనా యుద్ధ సమయంలో 1962 అక్టోబరులో ప్రకటించిన అత్యవసర పరిస్థితిని యుద్ధం ముగిశాక కూడా 1968 జనవరిదాకా సాగదీశారు. విచారణ లేకుండా నిర్బంధించే అధికారం ఇంకా ఎందుకని పార్టీ అడుగుతూ వచ్చింది. నిర్బంధితుల్లో చాలామంది కమ్యూనిస్టులు, అంటే ఈ పార్టీకి బద్ధ ప్రత్యర్థులు. పౌరహక్కును శత్రువు కోసం కూడా అడగగలిగినవాడే దాన్ని నిజంగా నమ్మినవాడు.

న్యాయస్థానాల్లోనూ అంతే. 1969 జులైలో 14 బ్యాంకులను జాతీయం చేసినప్పుడు సుప్రీంకోర్టుకు వెళ్లిన ఆర్.సి. కూపర్ ఈ పార్టీ నాయకుడే. 1970 ఫిబ్రవరి 10న కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. ప్రభుత్వం నాలుగు రోజుల్లో కొత్త ఆర్డినెన్సు తెచ్చి బ్యాంకులను తన దగ్గరే ఉంచుకుంది. కానీ ప్రాథమిక హక్కులను ఎలా చదవాలో ఆ తీర్పు నేర్పిన పాఠం మిగిలింది.

ఎక్కడైనా అధికారంలోకి వచ్చిందా?

ఒరిస్సాలో. 1967లో 49 స్థానాలు గెలిచి, జనకాంగ్రెస్‌తో కలిసి ఆర్.ఎన్. సింగ్‌దేవ్ ముఖ్యమంత్రిగా ప్రభుత్వం ఏర్పాటు చేసింది. 1971 జనవరిదాకా సాగింది. మతమార్పిడులను నియంత్రించే చట్టాన్ని స్వతంత్ర భారతంలో మొదట చేసింది ఆ ప్రభుత్వమే. వ్యక్తి స్వేచ్ఛ పేరుతో పుట్టిన పార్టీ ప్రభుత్వం ఆ చట్టం చేయడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

## పతనం, ఆ తర్వాత

1967లో 44 స్థానాలు ఉన్న పార్టీ నాలుగేళ్లలో ఎలా కూలిపోయింది?

పైకి కనిపించే కారణం 1971 ఎన్నిక. కాంగ్రెస్ చీలాక ఇందిరా గాంధీకి వ్యతిరేకంగా పాత కాంగ్రెస్, జనసంఘ్, సంయుక్త సోషలిస్టు పార్టీలతో కలిసి స్వతంత్ర పార్టీ మహాకూటమి కట్టింది. రాజ్యం జోక్యం తగ్గాలనేవారు, అన్నీ జాతీయం చేయాలనేవారు ఒకే వేదిక ఎక్కారు. ఆమె "పేదరికం పోవాలి" అన్నారు, వీరు "ఆమె పోవాలి" అన్నారు. ఓటరుకు ఏ మాట చెవికెక్కుతుందో వేరే చెప్పాలా? ఆమె పార్టీకి 352 స్థానాలు వచ్చాయి. మసాని ఓటమికి బాధ్యత వహించి అధ్యక్ష పదవికి రాజీనామా చేశారు.

లోపలి కారణం ఇంకా పాతది. బూత్ స్థాయి కార్యకర్తలను తయారు చేసుకోలేదు. వాదనంతా ఇంగ్లీషు పత్రికల్లో, వ్యాసాల్లో, పార్లమెంటు ప్రసంగాల్లో చక్కగా సాగింది. అదే మాటను పల్లెటూరి మనిషికి అతని భాషలో, అతని సిమెంటు పర్మిట్ పేరుతో, అతని ధాన్యాన్ని జోను (ప్రభుత్వం గీసిన ప్రాంతం) దాటనివ్వని చెక్‌పోస్టు పేరుతో చెప్పగలిగిన చోట పార్టీ బతికింది. చెప్పలేని చోట రాజాగారి పలుకుబడి ఉన్నన్నాళ్లే ఉంది.

చివరకు ఎవరితో కలిసిపోయింది?

రాజాజీ 1972 డిసెంబరు 25న కన్నుమూశారు. 1974లో పీలూ మోదీ నాయకత్వంలో ఎక్కువమంది చరణ్ సింగ్ భారతీయ లోక్‌దళ్‌లో కలిశారు. నాగపూర్‌లో సహకార సేద్యాన్ని ఎదిరించిన చరణ్ సింగ్ పార్టీలోనే చేరడం వింతేమీ కాదు. రంగా అంతకు ముందే కాంగ్రెస్‌కు తిరిగి వెళ్లి, 1980 నుంచి గుంటూరు ఎంపీగా గెలుస్తూ వచ్చారు. మసాని విలీనానికి ఒప్పుకోలేదు.

1991 సంస్కరణలను స్వతంత్ర పార్టీ విజయం అనవచ్చా?

1991 జులై 24న పి.వి. నరసింహారావు ప్రభుత్వం చాలా పరిశ్రమలకు లైసెన్సు విధానాన్ని రద్దు చేసింది. పరిశ్రమల శాఖ అప్పుడు ఆయన చేతిలోనే ఉంది. రాజాజీ 32 ఏళ్ల ముందు అడిగినదే అది. అయినా విజయం అనను. విదేశీ మారకం అడుగంటి, బంగారం తాకట్టు పెట్టాక తీసుకున్న నిర్ణయం అది, ఒక ఆలోచన జనం మనసు గెలిచి తెచ్చిన మార్పు కాదు. పార్టీ ప్రాణంగా పట్టుకున్న ఆస్తి హక్కు అయితే 1978లోనే 44వ సవరణతో ప్రాథమిక హక్కుల జాబితా నుంచి పోయింది, ఇప్పుడు 300-ఏ అధికరణం కింద రాజ్యాంగ హక్కుగా మాత్రమే ఉంది.

అదే సూత్రాలతో ఇప్పుడు పార్టీని నమోదు చేయించుకోవచ్చా?

ఉన్నవి ఉన్నట్టు కుదరదు. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 29-ఏ సెక్షన్ 1989 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం నమోదు కోరే ప్రతి పార్టీ తన నియమావళిలో రాజ్యాంగానికి, ప్రజాస్వామ్యానికి, లౌకికవాదానికి, వాటితో పాటు సోషలిజానికి కట్టుబడి ఉంటానని రాయాలి. విలీనం కాకుండా మిగిలిన మహారాష్ట్ర స్వతంత్ర పార్టీ వారు నమ్మని మాటకు సంతకం చేయలేమంటూ బొంబాయి హైకోర్టుకు వెళ్లారు. సెక్షన్ ఇప్పటికీ అలాగే ఉంది. 1959 నాటి 21 సూత్రాలను అక్షరం మార్చకుండా రాసుకుని వెళ్తే, ఆ ఒక్క మాట లేదని దరఖాస్తు వెనక్కి వస్తుంది.